వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు

ఈఏపీసెట్ ర్యాంకు రాగానే ఇదివరకు ఇళ్లలో వినిపించే మాట, "సీఎస్‌ఈ ఏ కాలేజీలో వస్తుంది?" అని. ఇప్పుడు, "ఏఐ వచ్చేసింది కదండీ, సీఎస్‌ఈలో చేర్చొచ్చా?" అని అడుగుతున్నారు. ఆ భయం ఉత్తిది కాదు. 2025లో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. కారణం ఏఐ కాదని కంపెనీ చెప్పినా, కన్నవాళ్ల గుండె ఊరుకుంటుందా?

అయినా, జోస్యాలు నమ్మి బ్రాంచి మార్చకండి. ఏఐ వస్తోంది కాబట్టి ఇక రేడియాలజిస్టులను తయారుచేయడం ఆపేయాలని 2016లో జెఫ్రీ హింటన్ అన్నారు. తర్వాత నోబెల్ అందుకున్నంత పెద్ద శాస్త్రవేత్త ఆయన. అమెరికా, బ్రిటన్లలో ఇవాళ్టికీ రేడియాలజిస్టులకు కొరతే.

నన్నడిగితే, ఏ బ్రాంచి అన్నదానికన్నా పిల్లలు ఎలా చదువుతున్నారన్నదే ముఖ్యం. క్లాసు మార్కుల సగటు కట్టే ప్రోగ్రాం రాయమన్నారనుకోండి. చాట్‌జీపీటీ క్షణంలో రాసిస్తుంది, అది నడుస్తుంది కూడా. "జాబితాలో ఒక్క మార్కూ లేకపోతే?" అని అడగండి. సున్నాతో భాగించాల్సి వచ్చి ప్రోగ్రాం ఆగిపోవచ్చు. ఒకసారి తనే రాసి, అక్కడ చిక్కుకుని, గంటసేపు తల బద్దలుకొట్టుకున్న పిల్లకి ఆ ప్రశ్న తనంతట తనకే తోస్తుంది. రేపు ఆమెకు జీతమిచ్చేది అలా తోచినందుకే. గట్టున కూర్చుని చూస్తే ఈత రాదు కదా.

పెద్దవాళ్లకైనా ఇదే వర్తిస్తుంది. 2023లో న్యూయార్క్ లాయర్లు కొందరు చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టులో ఉదహరించారు. ఆ తీర్పులు వెతికినాయనకు ముప్పై ఏళ్ల అనుభవం. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. అనుభవం ఉండీ సరిచూసుకోలేదు.

ఏఐని వాడొద్దని మాత్రం అనకండి, అది జరిగే పని కాదు. ముందు కాగితం మీద సొంతంగా ప్రయత్నించి, తర్వాత దాన్ని అడగమనండి. అన్నాల దగ్గర ఆ రోజు చేసింది తెలుగులో చెప్పించుకోండి. మీకు కోడింగ్ రాకపోవడమే మేలు, మీకర్థమయ్యేలా చెప్పాలంటే వాళ్లకు ముందు అర్థమవ్వాలి. తడబడితే కోప్పడకండి, మర్నాడు మళ్లీ అడగండి. చదువుతోపాటు, నానమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే పని, బ్యాంకులో మాట్లాడే పని అప్పుడప్పుడూ వాళ్లకే అప్పగించండి. ఎదుటి మనిషి చెప్పేది విని, చెప్పలేకపోయింది కూడా కనిపెట్టడం అక్కడే అలవడుతుంది.

ఇక ఆప్షన్ల వరుస వాళ్లనే రాయనివ్వండి. ఒక్కోదానికీ కారణం అడిగి, ఓపిగ్గా వినండి.