తీరవాసుల ప్రతినిధి: మండలి వెంకటకృష్ణారావు ప్రజాజీవితం

1. ఉపోద్ఘాతం

రాష్ట్ర శాసనసభ ఎలా ఏర్పడుతుందో గత పాఠంలో తెలుసుకున్నారు. ఆ సభలో కూర్చునే ఒక సభ్యుని ప్రజాజీవితాన్ని ఈ పాఠంలో చదువుతారు. ఆయన కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతానికి ప్రతినిధి. ఆయన పదవిలో ఉన్న కాలంలోనే ఆ ప్రాంతాన్ని ఉప్పెన ముంచెత్తింది.

మీలో కొందరు సూరత్ వంటి నగరాలలో ఉంటూ ఈ కోర్సు చదువుతున్నారు. రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లలోను, మరమగ్గాల షెడ్లలోను పనిచేసే తెలుగు కుటుంబాలలో చాలా వరకు తెలంగాణ జిల్లాల నుండి వచ్చినవే. ‘సముద్రతీరపు శాసనసభ్యునితో మాకేం పని?’ అని మీకు అనిపించవచ్చు. కాని సూరత్ కూడా నీటి అంచున ఉన్న ఊరే. తాపీ నది సముద్రంలో కలిసే చోటు అక్కడికి దగ్గరే. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి వదిలిన నీటిలో ఆ నగరంలోని అధిక భాగం మునిగింది. నీరు ఇంట్లోకి వచ్చిన రోజున మన కష్టం ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకొనే హక్కు మనకు ఎక్కడి నుండి వస్తుంది? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకొని పాఠం చదవండి.

2. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• ఒక శాసనసభ్యుని ప్రజాజీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు;
• తీరప్రాంత ప్రజల కోసం శాసనసభ్యుడు చేయగల పనులను, చేయలేని పనులను వేరుచేసి చూపగలుగుతారు;
• ఊరు మారిన ఓటరు తన పేరును ఎక్కడ నమోదు చేసుకోవాలో వివరించగలుగుతారు.

3. మూలపాఠం

3.1 దివిసీమ

కృష్ణానది పులిగడ్డ దగ్గర పాయలుగా చీలుతుంది. ఆ పాయలకు, సముద్రానికి నడుమ ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇక్కడి ముఖ్యమైన ఊళ్లు. నది సాగరంలో కలిసే చోట హంసలదీవి ఉంది. లోపలి గ్రామాలలో వరి పండుతుంది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ నేల ఉప్పగా మారుతుంది. మడ అడవులు, వేట మీద బతికే పల్లెలు కనిపిస్తాయి. రైతు, కూలీ, మత్స్యకారుడు ఒకే నియోజకవర్గంలో ఉంటారు. కాలువ నీరు రైతుకు కావాలి. పడవకు రేవు, చేపకు ధర మత్స్యకారునికి కావాలి. తుఫాను వస్తే మాత్రం అందరికీ ఎత్తయిన చోటు కావాలి.

3.2 లోక్‌సభ నుండి శాసనసభకు

మండలి వెంకటకృష్ణారావు 1926 ఆగస్టు 4న కృష్ణా జిల్లాలో జన్మించారు. గాంధేయ మార్గంలో నడిచిన కాంగ్రెస్ కార్యకర్త. 1957లో మచిలీపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పట్లో అవనిగడ్డ శాసనసభ స్థానం వేరొకరి చేతిలో ఉండేది. 1962, 1967 ఎన్నికలలో అక్కడ చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గెలిచారు. 1972లో ఆ స్థానం వెంకటకృష్ణారావుకు దక్కింది.

జలగం వెంగళరావు మంత్రివర్గంలో ఆయన విద్యాశాఖ మంత్రి అయ్యారు. 1975 ఏప్రిల్‌లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు ఆ నిర్వహణ భారం మోసినవారిలో ఆయన ప్రముఖులు. ఇతర రాష్ట్రాలలోను, మలేసియా, మారిషస్ వంటి దేశాలలోను ఉన్న తెలుగువారు ఒక వేదిక మీద కలుసుకున్న సందర్భం అది. అంతర్జాతీయ తెలుగు సంస్థ ఏర్పడినది కూడా ఆ ఏడాదే. ఊరు విడిచి వెళ్లినవారికి భాష దూరం కాకూడదన్న ఆలోచన ఈ పని వెనుక ఉంది. సూరత్‌లో చదువుకొనే మీకు ఈ సంగతి మరింత బాగా అర్థమవుతుంది.

3.3 1977 ఉప్పెన

1977 నవంబరు 19న పెను తుఫాను తీరాన్ని తాకింది. దానితో వచ్చిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి, తీరం నుండి కిలోమీటర్ల లోపలికి చొచ్చుకువచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు సుమారు 10,000 మంది అని ప్రభుత్వ లెక్క. అంతకంటే ఎక్కువే అని చెప్పే అంచనాలూ ఉన్నాయి. పశువులు పోయాయి. పొలాల్లో ఉప్పు మేట వేసింది. రోడ్లు తెగిపోయి, సహాయం అందడం కూడా కష్టమైంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇలాంటి సమయంలో శాసనసభ్యుని చేతిలో పోలీసులు ఉండరు, ఖజానా ఉండదు. ఉత్తర్వులు ఇచ్చేది కలెక్టరు, ప్రభుత్వ శాఖలు. అయితే ఏ పల్లె ఏ దారిలో ఉందో, ఎవరికి ఇంకా బియ్యం అందలేదో స్థానిక ప్రతినిధికి తెలుస్తుంది. తెలిసిన దానిని చేయగలిగినవారి దగ్గరికి చేర్చడమే అప్పుడు ఆయన పని. వెంకటకృష్ణారావు ఈ పనికి పూనుకున్నారు. స్వచ్ఛంద సంస్థలను దివిసీమకు రప్పించి, పునర్నిర్మాణంలో వాటితో కలిసి పనిచేశారు. దివిసీమ ప్రజలు ఆయనను నేటికీ తలచుకొనేది ముఖ్యంగా ఈ సేవ కోసమే.

ఉప్పెన తరువాత మూడు నెలలకే, 1978 ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు వచ్చాయి. అవనిగడ్డ ఓటర్లు ఆయననే ఎన్నుకున్నారు. 1983లో రాష్ట్రమంతటా తెలుగుదేశం గాలి వీచినా ఆయన గెలిచారు. 1985లో ఆ స్థానం తెలుగుదేశం అభ్యర్థి సింహాద్రి సత్యనారాయణకు దక్కింది. ప్రజలు ఇచ్చిన పదవిని ప్రజలే తిరిగి తీసుకోగలరు. ప్రజాస్వామ్యంలో అది సహజం. వెంకటకృష్ణారావు 1997 సెప్టెంబరు 27న మరణించారు.

ఆయన కుమారుడు మండలి బుద్ధప్రసాద్ 1999, 2004, 2014, 2024 ఎన్నికలలో అవనిగడ్డ నుండి గెలిచారు. ఒక దఫా మత్స్యశాఖ మంత్రిగాను, 2014 నుండి 2019 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతిగాను పనిచేశారు. 2009లోను, 2019లోను ఆ స్థానంలో ఇతరులు గెలిచారు. తండ్రి పేరు ఎంత గొప్పదైనా ప్రతిసారీ ఓటరు తీర్పు కోరవలసిందే.

3.4 మారినది ఏమిటి?

1990 మే నెలలో దాదాపు అంతటి తీవ్రత ఉన్న తుఫాను మళ్లీ కృష్ణా ముఖద్వారం సమీపాన తీరం దాటింది. ఈసారి మృతుల సంఖ్య 1,000 లోపే ఉంది. హెచ్చరిక ముందుగా అందింది. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. 1977 తరువాత కట్టిన తుఫాను రక్షణ కేంద్రాలు, పక్కా భవనాలు ఉపయోగపడ్డాయి. ఈ మార్పు ఏ ఒక్క నాయకుని వల్లనో వచ్చినది కాదు. శాస్త్రజ్ఞులు, అధికారులు, స్వచ్ఛంద సంస్థలు, బడ్జెటుకు ఆమోదం తెలిపిన శాసనసభ్యులు, పాఠం నేర్చుకున్న ప్రజలు – అందరి కృషి ఇందులో ఉంది. ప్రతినిధి పనిని తూచడానికి ఇది మంచి కొలత. వచ్చే ఉప్పెన నాటికి ఎంతమంది బతికి బయటపడే ఏర్పాటు జరిగింది? ఆయన ఎన్ని పదవులు చేశారన్న ప్రశ్న దాని తరువాతదే.

పాఠ్యగత ప్రశ్నలు – 1

అ) ఖాళీలను పూరించండి.
1. కృష్ణానది ________ దగ్గర పాయలుగా చీలుతుంది.
2. మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు ________ సంవత్సరంలో జరిగాయి.
ఆ) ఒక వాక్యంలో జవాబు రాయండి.
3. తుఫాను సమయంలో ఉత్తర్వులు ఇచ్చే అధికారం ఎవరిది?

3.5 శాసనసభ్యుని అధికారం – దాని హద్దులు

శాసనసభ్యుడు సభలో ప్రశ్నలు అడగగలడు. అడిగిన ప్రశ్నకు మంత్రి జవాబు చెప్పాలి. బిల్లుల మీద, బడ్జెటు పద్దుల మీద చర్చించి ఓటు వేయగలడు. సభా సంఘాలలో సభ్యుడిగా శాఖల పనితీరును పరిశీలించగలడు.

సముద్రం విషయంలో మాత్రం రాజ్యాంగం ఒక గీత గీసింది. చేపల వేట రాష్ట్ర జాబితాలోని అంశం. తీరం నుండి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు దేశ ప్రాదేశిక జలాలు. వాటిని దాటిన వేట కేంద్ర జాబితాలో ఉంది. ప్రాదేశిక జలాలలో వేటను క్రమబద్ధం చేయడానికి ఆంధ్రప్రదేశ్ 1994లో చట్టం చేసింది. తీరం వెంబడి ఏ కట్టడాలు కట్టవచ్చో చెప్పే నియమాలను కేంద్రం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జారీ చేస్తుంది. ‘మా ఊళ్లో జెట్టీ కట్టించండి’ అన్న కోరికను శాసనసభ్యుడు రాష్ట్ర ప్రభుత్వం ముందు ఉంచగలడు. ఆ చోటు తీర నియంత్రణ మండలిలో ఉంటే మరికొన్ని అనుమతులు కూడా కావాలి. ఈ తేడా తెలిసిన ఓటరును అబద్ధపు హామీతో మోసగించడం కష్టం.

3.6 ఊరు మారిన ఓటరు

ఇప్పుడు ఉపోద్ఘాతంలోని ప్రశ్నకు తిరిగి వద్దాం. కష్టం చెప్పుకొనే హక్కు ఎక్కడి నుండి వస్తుంది? పౌరులందరూ ప్రతినిధిని కలవవచ్చు, అర్జీ ఇవ్వవచ్చు. కాని ఆ ప్రతినిధిని ఎన్నుకొనేది, దించేది ఓటర్ల జాబితాలో ఉన్నవారే. అందుచేత జాబితాలో పేరు ఉంటే మాటకు బలం పెరుగుతుంది.

రింగ్ రోడ్డు మార్కెట్లో పనిచేసే ఒక కార్మికుడు పదేళ్లుగా కుటుంబంతో సూరత్‌లోనే ఉంటున్నాడనుకోండి. ఓటు మాత్రం స్వగ్రామంలో ఉంది. రెండు చోట్ల ఓటు ఉండవచ్చా? ఉండకూడదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక వ్యక్తి పేరు ఒకే నియోజకవర్గంలో ఉండాలి. సాధారణంగా ఎక్కడ నివసిస్తున్నారో అక్కడే నమోదు కావాలి. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. చిరునామా మారినవారు 8వ నమూనా దరఖాస్తు ఇవ్వాలి. 18 ఏళ్లు నిండి మొదటిసారి నమోదయ్యేవారికి 6వ నమూనా ఉంది.

నగరంలోని వేర్వేరు పేటలు వేర్వేరు నియోజకవర్గాల కిందికి వస్తాయి. పనిచేసే చోటు ఒక నియోజకవర్గంలోను, నివసించే ఇల్లు మరొక దానిలోను ఉండవచ్చు. నమోదుకు లెక్కలోకి వచ్చేది ఇల్లే. మీ ఇల్లు దేని కిందికి వస్తుందో బూత్ స్థాయి అధికారిని అడిగి తెలుసుకోండి.

4. సారాంశం

• దివిసీమ ప్రతినిధిగా వెంకటకృష్ణారావు 1972, 1978, 1983 ఎన్నికలలో గెలిచారు.
• విపత్తులో శాసనసభ్యుని బలం ఉత్తర్వులలో లేదు. స్థానిక జ్ఞానంలో, అందరినీ కలుపుకొని పోవడంలో ఉంది.
• తీర సమస్యలలో కొన్ని రాష్ట్రానివి, కొన్ని కేంద్రానివి.
• ఓటు నివాసం ఉన్న చోట ఉండాలి. ఒకే చోట ఉండాలి.

5. పాఠాంత ప్రశ్నలు

1. 1977, 1990 తుఫానుల నష్టాన్ని పోల్చి, తేడాకు కారణాలు రాయండి.
2. ‘శాసనసభ్యుడు అన్నీ చేయగలడు’ అన్న మాటతో మీరు ఏకీభవిస్తారా? రెండు ఉదాహరణలతో వివరించండి.
3. మీ వీధిలో నీరు నిలుస్తున్నదని మీ శాసనసభ్యునికి పది వాక్యాలలో అర్జీ రాయండి. సమస్య, స్థలం, ఎంతకాలంగా ఉంది, మీరు కోరేది ఏమిటి – ఈ నాలుగూ అందులో ఉండాలి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. పులిగడ్డ 2. 1975 3. కలెక్టరుకు, ప్రభుత్వ శాఖలకు ఉంటుంది.