చిట్కాలు ఎక్కడ దాచుకోవాలి?

ప్రశ్న: తెలుగు టైపింగ్ చిట్కాలను మా వాట్సాప్ గ్రూపులోనే ఉంచాలా, వేరేచోట దాచాలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వికీలో దాచండి, వాట్సాప్‌లో పంచండి. చూడాల్సింది అక్కడ ఎంతమంది ఉన్నారని కాదు, ఆ చోటు మూతపడితే మన రాతలు మనకు దక్కుతాయా అని. గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020లో మూతపడ్డాయి. ముందే ప్రతులు తీసుకోనివారి రాతలు పోయాయి. కడపలో ఈస్టిండియా కంపెనీ అధికారి సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించారు; ప్రతులు పెరిగితేనే విద్య నిలుస్తుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా సమాచారాన్ని ఎవరైనా మొత్తంగా దింపుకోవచ్చు, తిరిగి ప్రచురించవచ్చు. అది విజ్ఞానసర్వస్వం కనుక వాడుక పాఠాలకు దాని సోదర ప్రాజెక్టు వికీబుక్స్ తగినది. వికీలో ఎవరైనా రాయవచ్చు కనుక, తప్పులు రాస్తే ఎలా అన్న భయం సమంజసమే. కానీ అక్కడ ప్రతి మార్పూ నమోదవుతుంది, పాత పాఠాన్ని వెనక్కి తేవచ్చు. గ్రూపులో పైకి జరిగిపోయిన సందేశానికి ఆ అవకాశం లేదు.