ఒకే తేదీ, ఎన్నో సంఘటనలు: రోజుకు శకునం ఉందా?

చల్లపల్లి నుంచి మోపిదేవి, పులిగడ్డల మీదుగా అవనిగడ్డ చేరి, అక్కడి నుంచి కోడూరు, నాగాయలంకల వైపు వెళితే నవంబరు 19 అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1977లో ఆ శనివారం నాడు సముద్రం దివిసీమ మీదికి వచ్చిపడింది. 10,000 మందికి పైగా చనిపోయారు. పశువుల సంగతి సరేసరి. సముద్రపు ఒడ్డున కొన్ని పల్లెలు ఆనవాలు లేకుండా పోయాయి.

ఆ తేదీన నికాహ్ పెట్టుకోవచ్చా, కొత్త ఇంట్లో చేరవచ్చా అని అడిగే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఈ ప్రశ్నను మూఢనమ్మకమని కొట్టిపారేయటం మాకు ఇష్టం లేదు. అయినవాళ్ళను నీళ్ళకు వదిలేసుకున్న మనిషికి ఆ తేదీ ఒక గాయం. అయితే గాయం వేరు, అఖీదా వేరు. ఈ రెండూ కలిసిపోతే గాయం మానదు, అఖీదా కూడా చెడుతుంది.

ముందుగా ఆ ఒక్కరోజునే చూద్దాం. దివిసీమ మునిగిన రోజు సాయంత్రమే ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదాత్ జెరూసలేంలో దిగారు. ఆ పర్యటన గురించి ముస్లిం ప్రపంచంలో పెద్ద వివాదమే నడిచింది, అది ఇక్కడి విషయం కాదు. మర్నాడు ఆయన మస్జిదె అఖ్సాలో ఈదుల్ అజ్‌హా నమాజు చేశారు. అంటే ఈజిప్టు వారి లెక్కలో నవంబరు 19 అరఫా దినం! పాపాల మన్నింపు కోసం చేతులు చాచే రోజు. మన దగ్గర నెలవంక తేడా వల్ల బక్రీద్ ఇంకా రాలేదు. ఇక ఢిల్లీలో అది 1917లో పుట్టిన ఇందిరాగాంధీ జన్మదినం. మరి ఆ రోజు మంచిదా, చెడ్డదా? ఎవరి ఇంటి నుంచి చూసి చెప్పాలి?

మన జిల్లాలోనే ఇంకొక తేదీ ఉంది. 1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచెత్తింది. సుమారు 30,000 మంది చనిపోయారని చరిత్ర చెబుతోంది. తొంభై రెండేళ్ళ తర్వాత, 1956లో, సరిగ్గా నవంబరు 1నే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది. జెండాలు ఎగిరాయి, మిఠాయిలు పంచుకున్నారు. బందరు శవాల మీద పండుగ చేసుకున్నారని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా.

ఇందులో ఒక తమాషా ఉంది. హిజ్రీ క్యాలెండరు తీసి చూస్తే ఇవి ఒకే తేదీ కానే కావు. 1864 నాటిది 1281 హిజ్రీ జమాదిస్సానీ మొదటి రోజులు. 1956 నాటిది 1376 హిజ్రీ రబీఉల్ అవ్వల్ చివరి రోజులు. చాంద్రమాన సంవత్సరానికి 354 లేక 355 రోజులే కనుక, ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 33 ఇంగ్లీషు సంవత్సరాలు గడిచేసరికి 34 హిజ్రీ సంవత్సరాలు పూర్తవుతాయి. (జకాత్‌ను ఇంగ్లీషు సంవత్సరం ప్రకారం లెక్కకట్టే వ్యాపారులు ఈ మాట గమనించాలి. ఒక ఏడాది జకాత్ వారి మీద బాకీ పడుతుంది.) ఒక లెక్కలో కలిసి, మరో లెక్కలో విడిపోయే తేదీకి సొంతంగా కీడు చేసే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇలాంటి కలయిక సాక్షాత్తు దైవప్రవక్త (స) ఇంట్లోనే జరిగింది. హిజ్రీ 10వ సంవత్సరంలో ఆయన ముద్దుల కుమారుడు ఇబ్రాహీం, పాలు తాగే వయసులోనే కన్నుమూశాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ఇబ్రాహీం మరణం వల్లనే సూర్యుడికి గ్రహణం పట్టిందని ప్రజలు అనుకోసాగారు. అది ప్రేమతో అన్న మాటే. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఆ క్షణంలో మౌనంగా ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టరు. కాని ఆయన (స) మౌనంగా ఉండలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలోనివని, ఎవరి చావువల్లా, ఎవరి పుట్టుకవల్లా వాటికి గ్రహణం పట్టదని, గ్రహణం చూసినప్పుడు నమాజు చేసి దుఆ చేసుకోవాలని బోధించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఇబ్రాహీం నెల పదో తేదీన చనిపోయాడన్న ఒక కథనాన్ని ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) తోసిపుచ్చారు. సూర్యగ్రహణం చాంద్రమాసం చివరిలోనే పడుతుంది, పదో తేదీన పడదు అన్నది ఆయన వాదన. మన ఉలమా లెక్కలు కూడా చూసేవారు!

అయితే కొన్ని రోజులకు ఘనత లేదా? ఉంది, అల్లాహ్, ఆయన ప్రవక్త (స) ఇస్తేనే ఉంది. ఆషూరా ఉపవాసం హజ్రత్ మూసా (అ) ఫిరౌన్ నుంచి విముక్తి పొందినందుకు కృతజ్ఞతగా ఉన్నది. హజ్రత్ హుసైన్ (రజి) షహాదత్ హిజ్రీ 61లో అదే ముహర్రం పదిన జరిగింది. అప్పటికి దైవప్రవక్త (స) పరమపదించి యాభై ఏళ్ళు. కనుక ఆ ఉపవాసం కర్బలా కోసం కాదు. కర్బలా దుఃఖం మన గుండెల్లో ఉండవలసిందే, కాని దాని పేరుతో ముహర్రంలో నికాహ్‌లు ఆపటానికి షరీఅత్‌లో ఆధారం లేదు. ప్రవక్తలందరి ముఖ్య సంఘటనలూ ఆషూరా నాడే జరిగాయని చెప్పే పొడుగాటి జాబితాలలో అధికభాగం కల్పితాలే. సఫర్ నెల తేరా తేజీ కూడా ఇంతే. సఫర్‌లో అపశకునం లేదని స్పష్టమైన హదీసు ఉండగా మన ఇళ్ళలో పదమూడు రోజులు భయపడుతూ గడపటం ఆశ్చర్యం.

ఇక దివిసీమ కుటుంబాల ప్రశ్న. నవంబరు 19న నికాహ్ నిస్సందేహంగా జాయిజ్. ఇంట్లో ఆ రోజు అయినవాళ్ళను పోగొట్టుకున్న వృద్ధురాలు ఉంటే, ఆమె మనసు నొప్పించకుండా మరో రోజు పెట్టుకోవటం కూడా మంచిదే. అప్పుడు మీరు తేదీకి భయపడినట్లు కాదు, ఆమెను గౌరవించినట్లు. ఆ తేడా ఇంట్లో పిల్లలకు విడమరచి చెప్పండి. లేకపోతే మూడో తరానికి అది శకునమై కూర్చుంటుంది.

ఆ పెద్దవాళ్ళకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. నీటిలో మునిగి చనిపోయిన విశ్వాసినీ, గోడ కూలి కిందపడి చనిపోయిన విశ్వాసినీ దైవప్రవక్త (స) షహీదులలో లెక్కించారు. ఉప్పెన రాత్రి ఈ రెండు రకాల మరణాలూ జరిగాయి. శవం దొరకక గుస్ల్, కఫన్ లేకుండా పోయారే అని కుమిలిపోయేవారు ఉంటారు. శవం దొరకాలన్న షరతు ఆ హదీసులో లేదు.

వారి పేరున ఏమైనా చేయాలనుకుంటే తేదీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) చనిపోయిన తన తల్లి పేరున ఏ దానం మేలని అడిగితే దైవప్రవక్త (స) నీళ్ళు అన్నారు. ఆయన బావి తవ్వించారు. కాలువ చివరి ఊళ్ళలో మంచినీళ్ళ విలువ దివిసీమ వారికి మేము చెప్పాలా!