బోస్నియా ముస్లిం స్త్రీల పేర్లు: మూలాలు, అర్థాలు

ఇంట్లో ఆడబిడ్డ పుట్టిన శుభవార్త చెప్పి, మంచి పేరు సూచించమని మా దగ్గరికి వచ్చే సోదరులు ఈమధ్య ఒక షరతు కూడా వెంట తెస్తున్నారు. "మౌలానా! పేరు కొత్తగా ఉండాలి. మా బంధువుల్లో ఎవరికీ ఉండకూడదు. పిలవడానికి రెండక్షరాలైతే మరీ మంచిది" అంటారు. అర్థం ఏమిటని అడిగేవారు తక్కువ. ఫాతిమా, ఖదీజా, జైనబ్ అని సూచిస్తే "అవి పాతకాలం పేర్లు కదండీ" అని మొహమాటంగా నవ్వుతారు.

అలాంటి సోదరులకు మేము బోస్నియా ముస్లిముల సంగతి చెబుతుంటాము. మన పేర్లనే ఐదు వందల ఏళ్లుగా తమ నాలుకకు అనువుగా మలచుకుని కాపాడుకుంటూ వస్తున్న జాతి అది. వారి ఆడబిడ్డల పేర్లను పరిశీలిస్తే పేరు పెట్టడంలో మనం నేర్చుకోవలసినవీ, జాగ్రత్తపడవలసినవీ రెండూ కనిపిస్తాయి.

ధర్మాన్ని చెప్పేది పేరే

బోస్నియా ఐరోపా ఖండంలో, బాల్కన్ ప్రాంతంలోని దేశం. 1463లో ఉస్మానియా సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ ఆ రాజ్యాన్ని జయించాడు. తర్వాతి తరాల్లో అక్కడి ప్రజల్లో చాలామంది ఇస్లాం స్వీకరించారు. 1878లో ఆ ప్రాంతం ఆస్ట్రియా-హంగేరీ చేతికి వెళ్లింది. తర్వాత యుగోస్లావియాలో భాగమై, 1992లో స్వతంత్ర దేశమయింది. 2013 జనాభా లెక్కల ప్రకారం అక్కడ దాదాపు 35 లక్షల మంది ఉన్నారు. వారిలో సగానికి కాస్త ఎక్కువ మంది బోస్నియాక్‌లు, అంటే బోస్నియా ముస్లిములు.

వీరు అరబ్బులు కారు, తుర్కులూ కారు. వీరి మాతృభాష స్లావిక్ కుటుంబానికి చెందినది. పొరుగున ఉండే సెర్బులు, క్రొయేట్లు మాట్లాడే భాషకూ వీరి భాషకూ తేడా చాలా స్వల్పం. రంగు, రూపం, భాష ఇంచుమించు ఒకటే అయిన చోట మనిషి ధర్మాన్ని ముందుగా తెలియజేసేది అతని పేరే. అందుకే అక్కడ పేరుకు ఇంత ప్రాధాన్యం.

రాజధాని సరాయెవోలో 1537లో గాజీ ఖుస్రౌ బేగ్ ఒక మదరసా కట్టించాడు. దాన్ని తన తల్లి సెల్జూకా జ్ఞాపకార్థం నిర్మించాడు. అందుకే దానికి 'సెల్జూకియా' అనే పేరు కూడా వచ్చింది. ఆ విద్యాసంస్థ నేటికీ నడుస్తోంది. ఒక తల్లి పేరు ఇన్ని శతాబ్దాలు విద్యతో ముడిపడి నిలవడం ఎంతటి భాగ్యం!

విశ్వాసుల మాతృమూర్తుల పేర్లు

బోస్నియా స్త్రీల పేర్లలో మొదటి స్థానం దైవప్రవక్త (సఅసం) కుటుంబీకుల పేర్లది, ఖుర్ఆన్ ప్రస్తావించిన పుణ్యస్త్రీల పేర్లది. అయితే అవి అరబ్బుల నుంచి నేరుగా కాక తుర్కుల నోటి మీదుగా వచ్చాయి. అందువల్ల ఉచ్చారణ కొంత మారింది. ఖదీజా 'హతీజా' అయింది. మర్యమ్ 'మెర్యెమా' అయింది. అస్మా 'ఎస్మా'గా, జమీలా 'జెమిలా'గా మారాయి. 'వ'కారం కోసం పెదవులు గుండ్రంగా చుట్టే అరబీ ధ్వని అక్కడ గట్టి 'వ' అయింది. మౌలిద్ నుంచి 'మెవ్లిదా', కౌసర్ నుంచి 'కెవ్‌సెరా', ఫిర్దౌస్ నుంచి 'ఫిర్దెవ్‌సా' పుట్టాయి.

మరో మార్పు కూడా గమనించదగినది. వారి భాషలో స్త్రీల పేర్లు సాధారణంగా 'ఆ'కారంతో ముగుస్తాయి. అందుకని జైనబ్ అక్కడ 'జెయ్‌నెబా' అయింది. దైవప్రవక్త (సఅసం) పెదతండ్రి అబూ తాలిబ్ కుమార్తె హజ్రత్ ఉమ్మె హానీ (రజి) పేరు 'ఉమిహానా' అయింది. 18వ శతాబ్దం చివర సరాయెవోలో పుట్టిన ఉమిహానా చువిదినా పేరు తెలిసిన బోస్నియాక్ కవయిత్రులలో మొదటిదిగా ప్రసిద్ధురాలు. ఇది మనకు వింతేమీ కాదు. మన పల్లెల్లో హుస్సేనమ్మ, మస్తానమ్మ అని చివర 'అమ్మ' చేర్చి పిలుచుకోవడం లేదా?

ఇక అర్థాల సంగతి. ఆయిషా అంటే జీవించేది. హవ్వా పేరులో జీవం అనే భావముంది. ఫాతిమా అనే పదం పాలు మాన్పించడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ఖదీజా అంటే నెలలు నిండకముందే పుట్టిన శిశువు. పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. నిఘంటువులో చూస్తే చివరి రెండూ చాలా మామూలు మాటలు. వాటికి ఇంతటి గౌరవం ఎలా వచ్చింది? ఆ పేర్లు పెట్టుకున్న పుణ్యస్త్రీల జీవితాల వల్ల వచ్చింది. తన యావదాస్తినీ ధర్మం కోసం వెచ్చించిన హజ్రత్ ఖదీజా (రజి) వల్ల ఆ పేరు ప్రపంచమంతటా వ్యాపించింది. కాబట్టి పేరు విలువను రెండు విధాలుగా చూడాలి. ఒకటి దాని అర్థం. రెండోది దాని నిస్బత్, అంటే ఎవరితో దానికి సంబంధం ఉంది అనేది.

ఒక ఆయతు నుంచి ఎన్ని పేర్లు!

దివ్య ఖుర్ఆన్ అహ్‌జాబ్ సూరా 35వ ఆయతులో అల్లాహ్ స్త్రీపురుషుల సుగుణాలను జంటజంటలుగా పేర్కొన్నాడు. విశ్వాసం, విధేయత, సత్యసంధత, సహనం, దానశీలం, ఉపవాసం, శీలరక్షణ, దైవస్మరణ మొదలైన గుణాలున్న వారికి క్షమాభిక్షనూ గొప్ప ప్రతిఫలాన్నీ వాగ్దానం చేశాడు. ఈ గుణాలనే బోస్నియా తల్లిదండ్రులు తమ ఆడబిడ్డలకు పేర్లుగా పెట్టుకున్నారు.

'మూమినా' అంటే విశ్వాసురాలు. 'కానితా' అంటే వినయంతో అల్లాహ్‌కు విధేయత చూపేది. 'సాదికా' అంటే సత్యవంతురాలు. 'సాబిరా' అంటే సహనశీలి. 'హాఫిజా' అంటే కాపాడుకునేది. ఖుర్ఆన్ కంఠస్థం చేసిన స్త్రీని కూడా ఇదే మాటతో పిలుస్తాము. అరబీ రాని తల్లి కూడా రోజుకు పదిసార్లు తన కూతుర్ని 'సాబిరా' అని పిలిచినప్పుడు తెలియకుండానే ఒక ఖుర్ఆన్ గుణాన్ని ఇంట్లో స్మరిస్తోంది. ఆ మాట అర్థం కూడా తెలిస్తే ఆ పిలుపే పిల్లకు తర్బియత్ అవుతుంది.

దక్కన్‌కూ బోస్నియాకూ చుట్టరికం

ఉర్దూ చదివిన వారికి బోస్నియా పేర్లలో మరో వరుస వెంటనే పరిచయంగా తోస్తుంది. 'ఇస్మెతా', 'నుస్రెతా', 'హిక్మెతా', 'హిదాయెతా' అనేవి అక్కడి స్త్రీల పేర్లు. మన ఇస్మత్, నుస్రత్, హిక్మత్, హిదాయత్ ఇవే. పవిత్రత, సహాయం, వివేకం, సన్మార్గం అని వీటి అర్థాలు. అరబీలో వాక్యాంతంలో 'అహ్' అని పలికే ఈ మాటలు ఫారసీలో 'అత్' అయ్యాయి. ఫారసీ ప్రభావం అటు ఉస్మానియా తుర్కీ మీదా, ఇటు మన ఉర్దూ మీదా పడింది. అందువల్లే హైదరాబాద్ పాతబస్తీలోని ఇస్మత్‌కూ సరాయెవోలోని ఇస్మెతాకూ పేరు ఒక్కటయింది.

ఫారసీ నుంచి నేరుగా వచ్చిన పేర్లూ ఉన్నాయి. 'యాస్మినా' మల్లెజాతి పువ్వు. 'నెర్మినా'లో ఉన్నది మనకు తెలిసిన 'నర్మ్', అంటే మృదుత్వం. రత్నాల పేర్లయితే ఒక హారమే గుచ్చవచ్చు. 'అల్మాసా' వజ్రం, 'జుమ్రెతా' పచ్చ, 'మెర్జానా' పగడం, 'జెవాహిరా' రత్నాలు. 'బిసెరా' వారి సొంత భాషలో ముత్యం అనే మాట నుంచి వచ్చిన పేరు. ఇలా స్థానిక భాషలో మంచి అర్థమున్న పేరు పెట్టుకోవడం తప్పు కాదు. దైవప్రవక్త (సఅసం) ఇంట హజ్రత్ మారియా ఖిబ్తియా (రజి) పేరు మారకుండా అలాగే ఉంది కదా! పేరు అరబీదే అయి ఉండాలన్న నియమం ధర్మంలో లేదు. దాని అర్థం మంచిదై ఉండాలి, అందులో షిర్క్ భావం ఉండకూడదు.

అక్షరం మారితే అర్థం మారుతుంది

ఇప్పుడు జాగ్రత్తపడవలసిన విషయం. బోస్నియా ముస్లిములు ఒకప్పుడు తమ భాషను అరబీ లిపిలోనే రాసుకునేవారు. ఆ లిపిని 'అరెబిత్సా' అంటారు. కాలక్రమేణా దాని స్థానంలో లాటిన్ లిపి స్థిరపడింది. లాటిన్ లిపిలో ఐన్, సాద్ వంటి అక్షరాలకు చోటు లేదు. తెలుగులోనూ లేదు. దీనివల్ల వేర్వేరు పేర్లు ఒకేలా కనిపిస్తాయి.

ఉదాహరణకు 'అస్యా' అనే పేరు నేడు బోస్నియాలో చాలా మంది ఆడపిల్లలకు ఉంది. ఇది ఫిరౌన్ భార్య, మహా విశ్వాసురాలు హజ్రత్ ఆసియా (అలై) పేరు. దీన్ని అలిఫ్, సీన్ అక్షరాలతో రాస్తారు. ఐన్, సాద్ అక్షరాలతో రాస్తే అదే మాటకు 'అవిధేయురాలు' అని అర్థం వస్తుంది. ఈ రెండో పేరున్న ఒక అమ్మాయికి దైవప్రవక్త (సఅసం) ఆ పేరు మార్చి 'జమీలా' అని పెట్టారని సహీహ్ ముస్లింలోని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం ద్వారా తెలుస్తోంది. తెలుగులో రెండింటినీ 'ఆసియా' అనే రాస్తాము. చెవికి ఒకటే, అర్థాలకు మాత్రం భూమ్యాకాశాల దూరం!

అన్ని చోట్లా ఇంత ప్రమాదం ఉండదు. ఆమినా అంటే నిశ్చింతగా, క్షేమంగా ఉన్నది. దైవప్రవక్త (సఅసం) తల్లిగారి పేరు. అమీనా అంటే నమ్మదగినది. ఈ రెండూ కలిసిపోయినా నష్టం లేదు. అయితే ఏది ఏదో చెప్పగలిగేవారు సమాజంలో ఉండాలి. ఆ సేవను బోస్నియాలో ఇస్మెత్ స్మాయిలోవిచ్ అనే పండితుడు చేశారు. బోస్నియా, హెర్సెగోవినాలలోని తూర్పుదేశాల మూలాలున్న ముస్లిం పేర్లన్నిటినీ పరిశీలించి, వాటి అర్థాలతో 1977లో పెద్ద గ్రంథం వెలువరించారు. ధర్మానికి ప్రోత్సాహం లేని కమ్యూనిస్టు పాలన అది. ఎల్విరా, సబీనా వంటి పేర్లు ముస్లిం ఇళ్లలోకి కూడా వచ్చిన కాలమది. అలాంటి రోజుల్లో ఆ గ్రంథం విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

పేరే నేరమైన రోజులు

1984-85లో బల్గేరియా ప్రభుత్వం తన దేశంలోని తుర్కు ముస్లిముల పేర్లను బలవంతంగా మార్పించింది. అక్కడ పాలకులు పేర్లను తీసేశారు. 1992-95 యుద్ధంలో బోస్నియా ముస్లిములకు అంతకన్నా ఘోరం జరిగింది. పేరునుబట్టి మనిషిని గుర్తించి ప్రాణమే తీశారు. 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేల మందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను సెర్బు సేనలు చంపేశాయి. పొతోచారిలోని స్మారక శ్మశానంలో వారి పేర్లు రాతిమీద చెక్కి ఉన్నాయి.

ఆ పేర్లు చెరిగిపోకుండా పోరాడినవారు స్త్రీలు. భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న హతీజా మెహ్మెదోవిచ్ 2018లో మరణించేదాకా స్రెబ్రెనిత్సా తల్లుల తరఫున న్యాయం కోసం నిలబడ్డారు. ఆమె పేరు హజ్రత్ ఖదీజా (రజి) పేరే. ఆమెలాగే పోరాడిన మరో తల్లి మునిరా సుబాషిచ్. మునిరా అంటే వెలుగునిచ్చేది.

ఆ శ్మశానంలో అతి చిన్న సమాధి ఒక ఆడశిశువుది. ఆ విషాద దినాల్లో, పొతోచారిలోని ఐక్యరాజ్యసమితి స్థావరంలో జనం తలదాచుకున్నప్పుడు పుట్టి, పుట్టుకలోనే ప్రాణం కోల్పోయిన పసికందు. 2013లో ఆమె అవశేషాలను సగౌరవంగా ఖననం చేశారు. ఆ తల్లి తన బిడ్డకు అనుకున్న పేరు ఫాతిమా. ఆ పేరుతో బిడ్డను ఒక్కసారి కూడా పిలిచి పలికించుకోలేకపోయిన తల్లి ఆమె. అదే పేరును "పాతకాలం పేరు" అని మనం పక్కన పెడుతున్నాం!

యుద్ధం తర్వాత బోస్నియాలో ఆడపిల్లలకు ఎక్కువగా పెడుతున్న పేర్లలో అమీనా, మెర్యెమ్, ఎస్మా, అస్యా, హానా ఉన్నాయి. పేరును చూసి చంపిన చోటనే ఆ పేర్లను మళ్లీ పిల్లలకు పెట్టుకున్నారు.

మనం గ్రహించవలసిన విషయాలు

1. పేరును ముందుగా అరబీ లేదా ఉర్దూ అక్షరాల్లో రాయించి, అర్థం తెలిసిన ఆలింను అడిగి, ఆ తర్వాతే ఖాయం చేయాలి. వినడానికి బాగుందన్న ఒక్క కారణం చాలదు.

2. పుట్టిన రోజున గానీ ఏడవ రోజున గానీ పేరు పెట్టవచ్చు. దైవప్రవక్త (సఅసం) తమ కుమారుడు ఇబ్రాహీంకు పుట్టిన రాత్రే పేరు పెట్టారు. ఏడవ రోజున అఖీఖాతోపాటు పేరు పెట్టాలన్న హదీసు కూడా ఉంది.

3. ముద్దుపేరుతో పిలవడంలో తప్పు లేదు. బోస్నియాలో ఫాతిమాను 'ఫాతా' అనీ, జెయ్‌నెబాను 'జెయ్‌నా' అనీ పిలుచుకుంటారు. దైవప్రవక్త (సఅసం) కూడా హజ్రత్ ఆయిషా (రజి)ని ప్రేమగా 'ఆయిష్' అని పిలిచేవారు. కానీ మనసు నొప్పించే మారుపేర్లను ఖుర్ఆన్ నిషేధించింది (హుజురాత్: 11).

4. అన్నిటికన్నా ముఖ్యం, బిడ్డకు ఊహ తెలిశాక తన పేరు కథ చెప్పాలి. "నీ పేరు ఎవరిది? ఆమె ఎలా జీవించింది?" అన్నది తెలియని పిల్లకు ఎంత మంచి పేరు పెట్టినా అది హాజరుపట్టీలో ఒక మాటగానే మిగిలిపోతుంది.

కొత్త పేరు కోసం వెతకడం తప్పేమీ కాదు. కానీ పాత పేరును మోసిన వారి కష్టం తెలుసుకోకుండా దాన్ని వదిలేయడం తగదు. అర్థవంతమైన పేర్లు పెట్టే వివేకాన్ని, ఆ పేర్లకు తగినట్లు జీవించే సంతానాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! స్రెబ్రెనిత్సా తల్లుల సహనానికి ఉత్తమ ప్రతిఫలం ఇచ్చుగాక! ఆమీన్.