కుండీలో చిక్కుడుకు కామెర్లా?

మన భాషలో పచ్చ అంటే రెండూను. పచ్చని పైరూ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. అందుకే మిద్దె తోట పెంచే ఒకావిడ మొన్న "మా చిక్కుడాకులు పచ్చబడ్డాయండీ" అంటే "సంతోషం" అనేశాను. ఆవిడ చెబుతున్నది పసుపు సంగతి. ఆషాఢంలో పెయింటు బకెట్టులో విత్తిన పాదు, పందిరెక్కే వేళకు కింది నుంచి ఆకులు పండి రాలిపోతున్నాయట. ఏం వెయ్యమంటారని అడిగింది. ఈ ముసురు రోజుల్లో అందరూ అడిగేదదే. ఏమీ వెయ్యొద్దు, ముందు మట్టిలో వేలు పెట్టి చూడండన్నాను.

చూపుడు వేలు రెండు కణుపుల లోతు దించండి. పైన ఆరినట్టున్నా లోపల బురదగా తగిలి, మురుగు వాసన వేస్తే ఎరువుతో పనిలేదు, వేళ్లకు గాలి ఆడటం లేదు. కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన కుండీ వాననీటిని వదలదు. అడుగు రంధ్రాలు వేళ్లతో మూసుకుపోతాయి, కింది పళ్లెం నిండుతుంది. ఊపిరాడని వేరు నీళ్లు తాగలేదు కనుక తీగ మధ్యాహ్నానికి తల వాలుస్తుంది. అది చూసి దాహమనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం. నేను చూసిన కుండీ పాదుల్లో ఎక్కువ ఆ చెంబుతోనే పోయాయి. పళ్లెం తీసేయండి. కుండీని రెండిటుకల మీదికి ఎత్తి, రంధ్రాల్లో చువ్వ పెట్టి పొడవండి. మట్టి పైపొర ఆరి వేలికి పొడిగా తగిలేదాకా నీళ్లు ఆపండి. వారం పది రోజుల్లో చిగురు నిగనిగలాడుతూ వస్తే గండం గడిచినట్టే. పండిన ఆకు మాత్రం తిరిగి కోలుకోదు, దాని మీద ఆశ వదలండి.

మట్టి బాగానే ఉంటే పసుపు కింద మొదలైందా, పైనా అని చూడండి. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ చాలనప్పుడు మొక్క ముసలి ఆకుల్లోంచి వాటిని లాగి చిగురుకు పెడుతుంది. అందుకే కింది ఆకులు ముందు పండుతాయి. ఆకంతా ఒకేలా పాలిపోతే నత్రజని లోటు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపైతే మెగ్నీషియం, అంచులు మాడుతుంటే పొటాష్.

చిక్కుడు గాలిలోని నత్రజనిని తానే పట్టుకుంటుంది కదా అంటారు. వేళ్ల మీద రైజోబియం బుడిపెలుంటే పట్టుకుంటుంది. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపి కొత్తగా నింపిన కుండీలో ఆ సూక్ష్మజీవి ఉండకపోవచ్చు, విత్తేటప్పుడే విత్తనానికి పట్టించడం మేలు. బీన్స్ అయితే ఈ విద్యలో మొదటి నుంచీ వెనకబాటే, దానికి ఎరువు తప్పదు. పదిహేను రోజులకోసారి కుండీకి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు చాలు. యూరియా గుమ్మరిస్తే ఆకు గుబురెక్కి పూత తగ్గుతుంది, పేనుబంకకు విందు.

వీలైతే బాగా పాడైన మొక్కనొకదాన్ని పీకి వేళ్లు చూడండి. వేరు పక్కన అంటుకుని గోటితో రాలే బుడిపె, కోస్తే లోపల గులాబీ రంగున్నది మనవాడే. వేరు తానే ఉబ్బి ముడులు పడి, గిల్లినా ఊడకపోతే నులిపురుగు. ఆ మట్టిని ఇంకో కుండీలోకి తేవద్దు.

చిగురాకులు వెన్న రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయా? కుండీ అంచున తెల్లటి ఉప్పు చార ఉందేమో చూడండి. బోరు నీళ్లలోని సున్నం వల్ల మట్టిలో ఇనుమున్నా మొక్కకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. కలిపింది అప్పుడే వాడాలి, నిలవుంటే తుప్పు రంగు తేలి పనికిరాదు. ఈ నెల పట్టుకున్న వాననీళ్లు ఈ కుండీలకే పోయండి.

పసుపు, ఆకుపచ్చ పెళ్లలు పెళ్లలుగా కలిసిపోతే అది లోటు కాదు, పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, దీనికి మందు లేదు. పూత మీదున్నా సరే పీకేయండి, జాలిపడితే పక్క కుండీలకు పాకుతుంది. ముసురు తగ్గి ఎండ ముదిరాక ఆకుల మీద సన్నని లేత చుక్కలు కనిపిస్తే తెల్ల కాగితం మీద దులపండి. పడిన చుక్కలు కదిలితే ఎర్రనల్లి. ఆకు అడుగున తగిలేలా నీళ్లు గట్టిగా చిమ్మితే చాలావరకు పోతుంది. పోకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, మండుటెండలో మాత్రం కొట్టొద్దు.

ఆవిడ బకెట్టు తిరగేస్తే అడుగు రంధ్రాల నిండా వేళ్లే. పూత ఇంకా రాలేదని కూడా బెంగపెట్టుకుంది. నాటు చిక్కుడు పగళ్లు కురచయ్యాకే పూస్తుంది, కార్తీకం దాకా ఆగమన్నాను. రథసప్తమి నాడు పరమాన్నం పెట్టడానికి ఆకులు కావాలన్నది ఆవిడ అసలు కోరిక. అందాకా ఆ పళ్లెం మళ్లీ కుండీ కిందికి తేవద్దని చెప్పి వచ్చాను.