అడుగులకు అరిసెలు



పోయిన నెలలో మా విచారణకు చెందిన ఒక పల్లెకు సాయంకాలం జపమాలకు వెళ్ళాను. జపమాల ముగిసిన తరువాత ఆ ఇంటి అవ్వ పళ్ళెంలో అరిసెలు పెట్టి తెచ్చింది. పండుగ కాదు, ఇంట్లో పెండ్లి లేదు. "ఏమిటమ్మా విశేషం?" అని అడిగాను. "మా మనుమడు నిన్న నాలుగు అడుగులు వేశాడు ఫాదరుగారూ" అన్నది. ఆ నాలుగడుగుల వీరుడు అవ్వ కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడి, నా చేతిలో అరిసె వంక రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

మన తెలుగు పల్లెల్లో ఇది పాత ఆచారమే. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, నవ్వితే నువ్వుండలు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు పలికితే పంచదార చిలకలు. ఊరిని బట్టి పిండివంట మారుతుంది గాని తీరు మారదు. పేరుకు పేరు కలిసేటట్లు ఏ తల్లులు కూర్చారో మనకు తెలియదు. ఇంట్లో ఉన్న బియ్యప్పిండి, బెల్లంతోనే సరిపోయే వేడుక ఇది. బిడ్డ బోర్లా పడటం లోకానికి కొత్త కాదు; ఆ ఇంటికి కొత్త. ఆ కొత్తదనాన్ని చూడాలంటే ఎవరో ఒకరు ఆ క్షణాన అక్కడ ఉండాలి. చూసినవారు వీధికంతటికీ చెప్పాలి. మొదటి పుట్టినరోజుకు అప్పు చేసి ఫ్లెక్సీలు కట్టించేవారు ఇప్పుడు మన విచారణల్లోనూ ఎక్కువయ్యారు. బిడ్డ ఏనాడు బోర్లా పడ్డాడో అడిగితే మాత్రం ఆ తండ్రి తల గోక్కుంటాడు.

పెళ్ళీ పిల్లలూ లేని గురువుకు పిల్లల పెంపకం సంగతి ఏం తెలుసునని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాకు తెలిసిందల్లా మీ వాకిళ్ళలో మంచం మీద కూర్చుని చూసినదే. పక్కన కూర్చున్నవాడికి కొన్ని కనిపిస్తాయి.

బిడ్డ కోసం మన భాష ఎంతగా వంగిందో చూడండి. అన్నం బువ్వ అయింది, స్నానం లాల అయింది, నిద్ర జోజో అయింది. దాచి పెట్టే తినుబండారం తాయిలమైంది. మీసాలు తిరిగిన మామ కూడా పసివాడి ముందు గొంతు మార్చి ఈ మాటలే పలుకుతాడు. బిడ్డ మన భాష నేర్చేలోగా మనమే బిడ్డ భాషలోకి దిగిపోతాము. వాక్కు మానవుడై మన మధ్య నివసించెనని ప్రతి క్రిస్మసుకూ ప్రసంగించే నాకు, ఏడాది పొడుగునా వాకిట్లో దొరికే ఉదాహరణ ఇది.

ఇక పల్లెలో ఈ ఆనందాలకు లెక్క లేదు. కారణం ఒకటే, ఇక్కడ పనికీ బిడ్డకూ మధ్య గోడ లేదు. తల్లి చల్ల చిలుకుతుంటే బిడ్డ కవ్వం దగ్గరే కూర్చుని వెన్న ముద్ద కోసం చెయ్యి చాస్తుంది. తండ్రి గేదెను చెరువులో కడుగుతుంటే కొడుకు దాని వీపు మీద ఉంటాడు. గంప కింద కోడి పెట్టిన గుడ్డు తెచ్చే పని మూడేళ్ళ పిల్లకు అప్పగిస్తే, వెచ్చగా ఉందని చెంపకు ఆనించుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ తెస్తుంది. దారిలో గుడ్డు పగిలిన రోజులూ ఉంటాయి. వేసవిలో ముంజెలు తిన్న తరువాత ఆ ఖాళీ కాయలు రెంటికి పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ బండి నడుపుతారు. తాటాకు ముక్కకు తుమ్మముల్లు గుచ్చితే గాలిగిరక. తొలకరి పడి ఆరుద్ర పురుగులు బయటికి వస్తే, ఎర్ర మఖమలు గుడ్డ తుంచి నేల మీద చల్లినట్లుంటుంది. వాటిని అగ్గిపెట్టెలో దాచి, పావుగంటకొకసారి తెరిచి చూసుకునే పిల్లలను నేను ఎరుగుదును. ఒకసారి ఉపదేశం జరుగుతుండగా అలాంటి అగ్గిపెట్టె ఒకటి జేబులో నుండి జారి తెరుచుకున్నది. ఆనాటి పాఠం అంతటితో సరి.

పెద్ద గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు, ఆశ్చర్యమే తత్త్వవిచారానికి మొదలని ప్లేటో, అరిస్టాటిల్ ఇద్దరూ చెప్పినట్లు చదివాము. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అర్థమైంది మాత్రం పల్లెలకు వచ్చిన తరువాత. "చందమామ మనతోబాటు ఎందుకు వస్తున్నాడు?" "దూడకు పాలు తాగడం ఎవరు నేర్పారు?" ఇటువంటి ప్రశ్నకు "ఊరుకో" అనడం ఒక జవాబు. చేతిలో సెల్‌ఫోను పెట్టడం ఇప్పటి జవాబు. తల్లి పని ఆపకుండానే "నువ్వేమనుకుంటున్నావు?" అని తిరిగి అడిగితే, ఆ తరువాత వచ్చే కథ వినడానికి రెండు చెవులు చాలవు.

ఈ దృష్టితో ఒకసారి సువార్తలు తెరవండి. మన ప్రభువు పెరిగిన నజరేతు చిన్న ఊరు. ఆయన ఉపమానాల్లో ఆ ఊరి బాల్యం ఎక్కడెక్కడ తొంగిచూస్తుందో గమనించండి. సంతవీధిలో పిల్లలు పెండ్లి ఆట, చావు ఆట ఆడుతూ, తోడు రాని జతగాళ్ళతో పోట్లాడుకోవడం ఆయన మరచిపోలేదు (మత్తయి 11:16-17). అర్ధరాత్రి రొట్టెల కోసం తలుపు తట్టిన స్నేహితునితో ఇంటాయన, పిల్లలు తన దగ్గర పడుకున్నారు, లేవలేను అంటాడు (లూకా 11:7). ఒకే గదిలో పిల్లల మధ్య పడుకునే తండ్రికి ఆ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు. లేస్తే అందరూ లేస్తారు! చేపను అడిగిన బిడ్డ, గుడ్డును అడిగిన బిడ్డ అదే అధ్యాయంలో ఉన్నారు. యెరూషలేము కోసం దుఃఖించేటప్పుడు ఆయనకు తోచిన పోలిక, పిల్లలను రెక్కల కింద చేర్చుకునే కోడి (లూకా 13:34). ఇవి గ్రంథాలు చదివితే వచ్చే పోలికలు కావు. వాకిట్లో చూడనిచ్చిన తల్లి, ఆ పక్కనే పని చేసుకుంటున్న తండ్రి ఉంటే వచ్చేవి.

అలాగని పల్లె పరలోకమని నేననను. గట్టు లేని బావులున్నాయి, వాననీటితో నిండిన గుంటలున్నాయి, పురుగుమందు డబ్బాలు పిల్లలకు అందేచోట పెట్టేవారున్నారు. మిరపకోతల కాలంలో తల్లి తెల్లవారకముందే కూలికి వెళ్ళి పొద్దుగూకి వస్తుంది. ఆమెకు బిడ్డ ముచ్చట్లు చూసే తీరిక ఏదని అడిగితే నేను తల దించుకోవలసిందే. కాని ఒక సంగతి నేను చూశాను. అలా వచ్చిన తల్లి కాళ్ళు కడుక్కోకముందే, చెట్టు కింద ముసలమ్మ ఆ రోజు బిడ్డ చేసిన పనులన్నీ వరుసగా అప్పజెబుతుంది. తల్లి నిలబడే వింటుంది. కూలి డబ్బులు కొంగున ముడి వేసుకోవడం కూడా అప్పుడు గుర్తుండదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం, వేరే విచారణలో ఉండగా, ఒక రైతు తన ఆరేళ్ళ కొడుకును పట్నంలో హాస్టలు బడిలో చేర్చడానికి సిఫారసు ఉత్తరం అడిగాడు. తాను ఏడవ తరగతితో ఆపేశాడు. కొడుకు ఎండలో మాడకూడదు, ఇంగ్లీషు రావాలి. ఆ కోరికలో తప్పేముంది? మంచి ఇంగ్లీషులో ఉత్తరం రాసి ఇచ్చాను, సాయం చేశానన్న తృప్తితో. క్రిస్మసు సెలవులకు పిల్లవాడు వచ్చినప్పుడు తండ్రిని అడిగితే ఇట్లా చెప్పాడు: "చదువు బాగుంది ఫాదరుగారూ. మొన్న ఇంటికి రాగానే అన్నం పెట్టుకుని తిన్నాడు. కంచం కడిగి బోర్లించాడు. వాళ్ళమ్మ ముద్ద కలిపి పెట్టబోతే, నేను తింటాలే అన్నాడు. వాడు తప్పేమీ చెయ్యలేదు." చివరి మాట రెండుసార్లు అన్నాడు. అది ఎవరికి చెప్పుకుంటున్నాడో ఇద్దరికీ తెలుసు.

తలిదండ్రులే బిడ్డలకు విశ్వాసపు తొలి బోధకులని, కుటుంబం ఇంటిలోని శ్రీసభ వంటిదని రెండవ వాటికన్ మహాసభ 1964లో వెలువరించిన శ్రీసభ రాజ్యాంగంలో 11వ పేరా చెబుతుంది. నేను దానిని బోధించినవాడిని, ఉత్తరం రాసినవాడినీ నేనే. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం కూడా మూడేళ్ళ నుండి ఎనిమిదేళ్ళ వరకు ఆటలతో నేర్పవలసిన పునాది దశ అన్నది. వీలైన చోట కనీసం ఐదవ తరగతి వరకు ఇంటిభాషలో చెప్పాలన్నది. దగ్గరలో బడి లేక, ఇంట్లో చూసే దిక్కు లేక పంపేవారి సంగతి వేరు, వారిని అనడానికి నాకు నోరు రాదు. పక్కింటివాళ్ళు పంపారని పంపేవారితోనే నా మాట. ఐదవ తరగతి తరువాత పంపినా ఇంగ్లీషు వస్తుంది. వెన్న ముద్దకు చెయ్యి చాచే ఈడు మాత్రం వాయిదా పడదు.

అవ్వ అరిసెలు పెట్టిన ఆ ఇంట్లోనే, మనుమడికి అక్క ఉన్నది. ఐదు నిండి ఆరు నడుస్తున్నది. జూన్‌లో ఆ పిల్లను హాస్టలుకు పంపాలని తండ్రి, వద్దని తల్లి. నన్ను ఉత్తరం అడిగారు. ఆలోచించుకుని ఈస్టరు తరువాత రమ్మన్నాను. తండ్రికి కోపం వచ్చినట్లే ఉన్నది, సైకిలు మోటారు తీసుకుని బయటికి వెళ్ళాడు. ఇంతలో ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి, గంప కిందికి చేరుతున్న కోడిని చూపించి, "ఇన్ని పిల్లల్ని అది ఎట్లా లెక్క పెట్టుకుంటుంది?" అని అడిగింది. నువ్వేమనుకుంటున్నావు అన్నాను. ముందు మనం లెక్కపెడదామన్నది. ఇద్దరం వంగి లెక్కపెట్టాము. ఆ పిల్ల లెక్కలో పదకొండు, నా లెక్కలో తొమ్మిది. మళ్ళీ మొదలుపెట్టాము.