ఇంధనములో నీరు

పెద్దపల్లి

మనుమరాలికి తాత వ్రాయునది:

నీ ఉత్తరము అందినది. శిక్షణవిమానము పైకెగసిన కొంతసేపటికి ఇంజిను తడబడి, ఆగినంత పనియై, మీ శిక్షకుని చేతిలో మరల అందుకొన్నదని వ్రాసి, అమ్మతో చెప్పవలదని చివర ఒక ముక్క చేర్చితివి. చెప్పలేదు. మీ బాపమ్మ మాత్రము నా మొగము చూచియే పసిగట్టినది. ఆమె సంగతి నీకు తెలిసినదే కదా.

చదువు మానివేయుమని నేను వ్రాయను. బసంత్‌నగర్‌లో వాయుదూత్ విమానములు దిగుచుండిన దినములలో మీ నాయనను భుజమున ఎక్కించుకొని చూపించినవాడను. ఈ యింట ఎగురవలెనను కోరికను నాటినది నేనే. అయినను, 2009 జూలై 31న మన పొరుగున మెదక్ జిల్లాలో కూలిన వాయుసేన శిక్షణవిమానమును మరువజాలకున్నాను. ఆనాడు పోయిన యిద్దరును విద్యార్థులు కారు, విద్య గరపు అనుభవజ్ఞులు. ఆ హెచ్‌పీటీ-32 రకమునకు జరిగిన 17 ప్రమాదములలో 19 మంది అసువులు బాసిరి. ఆకాశమున ఇంజిను ఆగిపోవుటయే ఆ విమానములను వేధించిన ప్రధానలోపము. ఆ దినముతో వానినన్నిటిని నేలకు దింపివేసిరి.

ఇంధనములో నీరు చేరినను ఇంజిను ఆగును. కావున బిడ్డా, నేను కోరునది ఒక్కటే: ఇంధనములో నీరున్నదేమో ఎగురబోవు ప్రతిమారు నీ కన్నులతో నీవే చూచుకొనుము. సగము నిండిన ట్యాంకు రాత్రియంతయు నిలిచినచో లోపలి తేమగాలి చల్లబడి, గోడలకు చెమర్చి, బొట్టుబొట్టుగా అడుగునకు జారును. వానాకాలమున మూత బిగువుగా లేనియెడల చెప్పవలసినదే లేదు. పెట్రోలుకంటె నీరు బరువు గావున అడుగున చేరును. ఇంజినుకు ముందుగా అందునదియు ఆ అడుగుదియే. రెండు రెక్కల క్రిందనుండియు, ఇంజిను క్రింది వడపోతనుండియు శీశాలోనికి పట్టి, వెలుతురున నిలిపి చూడుము. మీ విమానపు పెట్రోలు నీలివన్నె గలది, అడుగున నీరు రంగులేక వేరుపడును. శీశా నిండ నీరే పడినచో నడుమ గీటు కానరాక, నిర్మలముగా నున్నదని మోసపోవుదురు. అందుచేత రంగు చూడుము, వాసన చూడుము. మెకానిక్కు చూచెనని, నీకు ముందెగిరినవాడు చూచెనని విడువకుము.

నేను పంతులునగుటకు మునుపు సెలవులలో ఆదిలాబాదు జిన్నింగు మిల్లులో ఉస్తాదు చేతిక్రింద నుంటిని గదా. పత్తిబండ్లు బారులు తీరినను, సేటు కేకలు వేయుచున్నను, డీజిలును గాజుగ్లాసులో పట్టి లాంతరు ముందర చూడనిదే ఆయన ఇంజిను చక్రమును ముట్టనిచ్చెడివాడు కాడు. ఆయన యిల్లాలు జొన్నరొట్టెలలోనికి పల్లీలకారము నూరి, నేనడుగకయే మరియొక రొట్టె నాకై దాచెడిది. నీవు వేళకు తినుచున్నావా? హాస్టలు అన్నము సహింపదని వ్రాసితివి; ఖాళీ కడుపుతో విమానమెక్కకుము తల్లీ.

ఇంత చూచుకొన్నను ఇంజిను ఆగినదనుకొందము. ముక్కు దించి మీ విమానమునకు తగిన వేగమును నిలుపుకొనుట, కార్బ్యురేటరు హీటు, ట్యాంకు మీట, మిక్స్చరు, మాగ్నెటోలు సరిచూచుట నాకంటె నీకే బాగుగా తెలియును. లేచిన వెంటనే, తక్కువ ఎత్తులో ఆగినచో రన్‌వేకు మరల తిరుగుటకు ఆశపడకుము. నాకు తెలిసినది నేల. కరీంనగరు వైపు నాటు పడిన పొలములు పైనుండి చదునుగా కనుపించును గాని, బురదలో ముందుచక్రము దిగబడిన విమానము తలక్రిందులగును. ఆదిలాబాదు నల్లరేగడి ఎండకాలమున మోయును, వాన పడిన పిదప నమ్మరాదు. మక్క కోసిన ఎండుచేను మేలు. గాలికెదురుగా, వీలైనంతవరకు సాళ్లవెంబడి దిగుము. గట్టులేని పాతబావులు చెట్లచాటున నుండును, వానిని తప్పించుకొనుము. కరెంటుతీగె పైనుండి కానరాదు. స్తంభములను చూచి తీగెను ఊహింపవలెను. నేల తాకకముందే తలుపు గడియ తీయుట మరువకుము.

మొన్న తడబడిన ఆ ఇంజినులో లోపమేమని తేల్చిరో, ఆ ఉదయమున శీశా పట్టి చూచినది ఎవరో దాచక వ్రాయుము. మీ బాపమ్మ సకినాలు, గరిజెలు డబ్బాలో పెట్టుచున్నది; స్నేహితురాండ్రకు పంచుము. ఆ శీశా నీ సొంతముగా ఒకటి నీ సంచిలో నుండవలెను. ఒకరిని అడిగి తెచ్చుకొనవలసి వచ్చిన దినమున తొందరలో చూచుటయే మానుదుము. దాని వెల యెంతయో వ్రాసిన వెంటనే పైకము పంపెదను.

ఇట్లు,
మీ తాత